రెండో మేకు

హాత్‌నోయ్ ఊళ్ళో బువలైకి పనిలేని మనిషి అని పేరు. పొద్దున లేచి ఎవరి నీళ్ళ బానలో ఏముందో చూస్తే గానీ ఆవిడకు తోచేది కాదు. పిలవకుండానే వాకిట్లోకి వచ్చేది, మూత తీసేది, చిన్న టార్చిలైటు వేసి లోపలికి తొంగి చూసేది. మెలికలు తిరిగే దోమ పిల్లలు కనిపించాయంటే ఇక ఆ ఇంటి ఇల్లాలి పని అయినట్టే. రేవు నుంచి కావడి వేసుకుని మోసుకొచ్చిన నీళ్ళను పారబోయమంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? తిట్టేవాళ్ళు తిట్టేవారు. "నీకేమన్నా జీతం ఇస్తున్నారా?" అని అడిగేవాళ్ళు అడిగేవారు. ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టే ఆ ప్రశ్న అంత హాయిగా అడిగేవారు.

ఎందుకు చేస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. ఆవిడకు కేసొన్ అని ఒక ఆడపిల్ల ఉండేది. మొగుడు రాజధాని వియెంతియానెలో ఇంకో కాపురం పెట్టుకుని వెళ్ళిపోయాక మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. ఆరేళ్ళు నిండిన వానాకాలంలో జ్వరం వచ్చింది, ముక్కు వెంట రక్తం కారింది, అయిదో రోజున పిల్ల పోయింది. ఏ దయ్యం పట్టిందో చెప్పమని పూజారిని అడిగితే ఆయన ఒక దయ్యం పేరు చెప్పాడు. బువలై నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

నిజం తెలిసింది ఆ మరుసటి ఏడు. మెకాంగ్ నదికి ఆవలి ఒడ్డున థాకొక్ అని థాయి ఊరు. మాట ఒకటే, తినే జిగురన్నం ఒకటే. డబ్బులు వేరు, జెండా వేరు, అంతే. బువలై శుక్రవారం శుక్రవారం పడవెక్కి ఆ ఊరి సంతలో నదినాచు అమ్ముకొచ్చేది. నువ్వులు చల్లి, పలచగా అద్ది, ఎండబెట్టిన నాచు. ఒక శుక్రవారం సంత నుంచి తిరిగొస్తుంటే ఒక లావుపాటి మనిషి ఎవరింటి ముందో బాన మీదికి వంగి కనిపించింది. తల మొత్తం లోపలే ఉంది.

"ఏమ్మా, బానలో మొహం చూసుకుంటున్నావా? ఎంతసేపు చూసినా అదే మొహం కదా."

ఆ మనిషి తల బయటికి తీసింది. నోట్లో తమలపాకు. పేరు పయోమ్.

"నా మొహానికేం గానీ, నువ్విటు రా. ఇవేంటో చెప్పు."

"నీళ్ళ పురుగులు."

"దోమ పిల్లలు. డెంగీ జ్వరం తెచ్చే దోమవి. బురదలో పుట్టవివి. ఇదిగో, ఇలాంటి మంచినీళ్ళలో, ఇంటి నీడన, మనం తాగే బానలోనే పుడతాయి."

బువలై అక్కడే చతికిలబడింది. కేసొన్‌కు ఎప్పుడూ దాహం. నిద్ర మధ్యలో లేచి తాగుతుందని తల్లి ఆ పిల్ల పక్క దగ్గరే బాన పెట్టింది. చిన్న చేతులకు బరువని మూత కూడా తీసేసింది. ముద్దు కొద్దీ చేసిన పని. పయోమ్‌కు ఇదంతా తెలియదు. అమ్మగా మిగిలిన నాచు కింద పడిపోతున్నా ఏరుకోకుండా ఏడుస్తున్న ఈ మనిషిని చూసి, ఆవిడా పక్కనే కూలబడి, నోట్లోది ఉమ్మేసి, ఏమైందని అడగకుండా వీపు నిమిరింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బువలై తన బానను వాకిట్లో బోర్లించింది. మర్నాడు పక్కింటి బాన. ఆ మర్నాడు ఎదురింటిది.

పయోమ్ థాకొక్‌లో ఆరోగ్య సేవకురాలు. జీతం లేని ఉద్యోగం. జీతం బదులు ఇంటి ముందు స్తంభానికి ఒక రేకు పలక కొట్టి వెళ్ళారు, 'ఆరోగ్య సేవకురాలి ఇల్లు' అని తెల్ల అక్షరాలు. వర్షం వస్తే ఆ పలక మీదే ముందు నీళ్ళు పడతాయని పయోమ్ రోజూ గుడ్డతో తుడిచేది. శుక్రవారం ఆవిడకు బానలు చూసే రోజు. బువలై సంత ముగించుకుని ఆవిడతో పాటు ఇల్లిల్లూ తిరిగేది. ఒకరు మూత తీస్తే ఒకరు టార్చి వేసేవారు. ఇద్దరూ చెరో పక్క పట్టి బాన వంచేవారు. ఒకరికి సాధ్యం కాని బానలు ఇద్దరికి సులువుగా వంగేవి. ఇద్దరిదీ ఒకే ఏడు పుట్టుక అని తెలిశాక థాకొక్ పెద్దాయన ఒకాయన ఇద్దరి మణికట్లకూ తెల్లనూలు చుట్టి నేస్తం కట్టించాడు. ఇక ఒకరి కష్టం ఇంకొకరిది. అది ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా చెల్లే కట్టు.

హాత్‌నోయ్‌లో జ్వరాలు ముమ్మరంగా వచ్చిన ఏడు పయోమ్ ఇసుకలా ఉండే దోమల మందును అన్నం బుట్టలో దాచి నది దాటి వచ్చి, అరవై ఇళ్ళ బానల్లో తన చేత్తో వేసింది. ఆ సంగతి ఆవిడ పై అధికారి విచియన్ చెవిన పడింది.

"మన మందు ఆవలి ఒడ్డున ఎందుకు వేశావమ్మా?"

"దోమ పడవెక్కి వస్తోంది సార్. రేవు దాకా ఎదురెళ్ళి పట్టుకున్నాను."

విచియన్ మంచివాడే, నవ్వేశాడు. కానీ, బువలై పేరు కూడా సేవకుల జాబితాలో రాసి, ఆవిడకూ ఒక పలక ఇమ్మని పయోమ్ అడిగేసరికి నవ్వు మానేశాడు. ఆవలి దేశం మనిషిని ఈ దేశం జాబితాలో ఎలా రాస్తారు? అలాంటివాళ్ళకు జాబితాలో గడి లేదు. గడి లేకపోతే మనిషి లేనట్టే. లోకంలో సగం పనులు అలాగే ఆగిపోతాయి. పయోమ్ ఇంటికొచ్చి, కోపంగా సుత్తి తీసుకుని, తన పలక పక్కన స్తంభానికి ఇంకో మేకు కొట్టింది.

"ఇదెందుకే?" అంది బువలై.

"నీ పలకకు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఇస్తారు. మేకు సిద్ధంగా ఉండాలిగా."

"నాకెందుకే పలక? మీ దేశం పలక ఇంటికి తీసుకుపోతే మావాళ్ళు పట్టుకుంటారు."

"అందుకే ఇక్కడ కొట్టాను."

బువలై వద్దన్నది గానీ, ఆ రోజు పడవలో కూర్చుని ఆ మేకు గురించే తలుచుకుంది. తన కోసం ఎవరైనా ఒక చోటు అట్టేపెట్టడం ఆవిడ బతుకులో అదే మొదలు.

తర్వాత రెండు ప్రభుత్వాలకూ చెడింది. ఎగువన ఏదో కొండ ఎవరిదన్న తగువు, కాల్పులు జరిగాయన్నారు. ఈ రేవు వాళ్ళకు ఆ కొండ పేరు కూడా తెలియదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం సైనికులు వచ్చి ఇదే ఆఖరి పడవ అన్నారు. పయోమ్ రేవు మెట్ల దాకా పరుగెత్తుకొచ్చింది.

"విను నేస్తం. రోజూ పొద్దున రేవు గట్టున ఎర్ర చొక్కా ఆరేస్తాను. అది కనిపిస్తే నేను బాగున్నట్టు. నువ్వూ ఆరెయ్యి."

బువలై దగ్గర ఎర్ర చొక్కా ఒకటుంది. మొగుడు వదిలిపోయినవాటిలో పనికొచ్చింది అదొక్కటే. మర్నాడే వెదురు గడకు కట్టి గట్టున నిలబెట్టింది. ఎదుటి ఒడ్డున, అత్తిచెట్టు పక్కన, ఒక ఎర్ర చుక్క. ఆ చుక్కను చూసి ఆవిడ పనిలోకి వెళ్ళేది. మూడు వారాలు అలా గడిచాయి.

కానీ ఆ నది రెండు పక్కలా ఎర్ర చొక్కాకు ఇంకో అర్థం ఉంది. విధవ దయ్యం ఊరి మీద తిరుగుతూ నిద్రలో ఉన్న మగాళ్ళను ఎత్తుకుపోతుందనీ, ఇంటి ముందు ఎర్ర చొక్కా వేలాడితే ఆ గడప తొక్కదనీ అక్కడివాళ్ళ నమ్మకం. మొదట్లో బువలై చొక్కాను చూసి ఊళ్ళో వాళ్ళు వేళాకోళం చేశారు.

"నీ మొగుణ్ణి ఎప్పుడో ఎవత్తో ఎత్తుకుపోయింది కదే. ఇంక దయ్యం వచ్చి ఏం పట్టుకుపోతుంది?"

నిజం చెబితే సైనికుల దాకా పోతుందని బువలై ఊరుకుంది. అదే కొంప ముంచింది. నాలుగో వారంలో పక్క ఊళ్ళో ఒక జాలరి నిద్రలోనే పోయాడు. అంతే. బువలైకి ముందే తెలుసన్నారు. మొగుడు లేని మనిషి కదా, దయ్యం ఆవిడతోనే మాట్లాడి ఉంటుందన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, సాయంత్రానికి హాత్‌నోయ్‌లో ప్రతి ఇంటి ముందూ ఎర్ర చొక్కాయే. చొక్కా లేనివాళ్ళు దుప్పటి చింపారు. ఊరి పెద్ద అదంతా మూఢనమ్మకమని సమావేశం పెట్టి చెప్పాడు. ఆయన ఇంటి వెనక కూడా ఒకటి వేలాడుతోంది.

రెండ్రోజుల తర్వాత బువలై రేవుకు వచ్చి చూస్తే ఎదుటి ఒడ్డు పొడుగునా ఎర్ర చుక్కలు. ఈ ఒడ్డును చూసి ఆ ఒడ్డువాళ్ళు జడుసుకున్నారు. దయ్యం నది దాటి వస్తుందని వాళ్ళూ కట్టారు. మనుషులకు పడవ లేదు గానీ భయానికి పడవ ఎందుకు? అత్తిచెట్టు చుట్టూ కూడా అవే. అంత ఎరుపులో పయోమ్ చొక్కా ఏదో బువలైకి తెలియలేదు. ఉందో లేదో కూడా తెలియలేదు. ఆవిడ నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఎండెక్కేదాకా వెతికింది.

ఆ తర్వాత రోజులు చాలా చెడ్డగా గడిచాయి. అన్నం సహించేది కాదు. శుక్రవారం వస్తే చేతులు ఊరికే ఉండలేకపోయేవి. పయోమ్‌కు జ్వరం వచ్చిందేమో, మందు ఇచ్చేవాళ్ళు ఉన్నారో లేరో, తనను మరిచిపోయిందేమో అని ఒకటే ఆలోచన. చిక్కిపోయిన మనిషిని చూడలేక ఇరుగుపొరుగు కలిసి, తప్పిపోయిన ప్రాణాన్ని వెనక్కి పిలిచే తంతు జరిపించారు. పూల పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. తంతు నడిపే పెద్దాయన కళ్ళు మూసుకుని, ఏ అడవిలో ఉన్నా రా, ఏ వాగు దగ్గర ఆగినా రా, నీ ఇల్లు ఇదే, నీ పక్క ఇదే అని పాడుతూ మణికట్టుకు నూలు కట్టాడు. బువలై తలవంచుకుని విన్నది. ఎక్కడని వెతుకుతాడు పాపం? ఆవిడ ప్రాణం ఎక్కడుందో ఆవిడకు తెలుసు. థాకొక్‌లో, అత్తిచెట్టు పక్క ఇంట్లో, ఒక స్తంభం దగ్గర ఉంది. రమ్మంటే రావడానికి పడవలు లేవు.

ఆ మణికట్టు నూలును చూసుకుంటూ ఉండగానే ఆవిడకు తోచింది. పయోమ్‌కు మాత్రమే అర్థమయ్యే పని ఒకటి చెయ్యాలి. వాళ్ళిద్దరికీ మాత్రమే తెలిసిన పని ఏముంది?

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున్నే తన నల్లటి బానను దొర్లించుకుంటూ రేవులోకి తెచ్చింది. ఎండాకాలం, నది సన్నబడి ఇసుక మేట బయటపడింది. ఆ తెల్లటి ఇసుక మీద బానను బోర్లించి, సాయంత్రం దాకా ఉంచి, మళ్ళీ దొర్లించుకుపోయింది. ఎవరో అడిగితే కడగడానికి తెచ్చానంది. ఈసారి ఎవరూ ఆవిడను చూసి నేర్చుకోలేదు. చొక్కా తగిలించడం తేలిక, బాన దొర్లించడం కష్టం. కష్టమైనదాన్ని జనం అంత తొందరగా నమ్మరు.

మూడో శుక్రవారం ఎదుటి ఇసుక మీద, అత్తిచెట్టు కింద, ఒక నల్లని చుక్క కనిపించింది.

బువలై ఇసుకలో కూర్చుండిపోయింది. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆకలి కూడా వేసింది. చాలా రోజులకు వేసిన ఆకలి.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఒక్క శుక్రవారం తప్పలేదు. వానాకాలంలో ఇసుక మునిగితే ఇద్దరి బానలూ మెట్ల మీదికి జరిగేవి. బాన పక్కన కూర్చుని బువలై ఆ చుక్కతో మాట్లాడేది. ఈ వారం ఎనిమిది ఇళ్ళలో పురుగులు దొరికాయనీ, మందు లేక బానల్లో చిన్న చేపల్ని వదులుతున్నాననీ, ఆ ముసలి ఖమ్‌లా ఇంకా మూత పెట్టడం లేదనీ. ఊళ్ళో జ్వరాలు తగ్గాయి. ఎవరి వల్ల తగ్గాయో ఎవరూ అనలేదు. బువలైకి అది పట్టలేదు. ఆవిడ చేసిన పనిని చూసే కళ్ళు రెండు ఆవలి ఒడ్డున ఉన్నాయి. అంతకంటే ఏం కావాలి?

చివరికి ప్రభుత్వాలు రాజీపడ్డాయి. ఒక శుక్రవారం నుంచి సంతకు పడవలు వదులుతారని చెప్పారు. బువలై సంచిలో నాచు అట్టలు, టార్చిలైటు, చిన్న సీసాలో పులియబెట్టిన చేపల పాదేక్ పెట్టుకుని మొదటి పడవ ఎక్కింది.

థాకొక్ రేవులో పందిరి వేశారు. రెండు జెండాలు, పూలదండలు, మైకు. రెండు దేశాల అధికారులు కుర్చీల్లో ఉన్నారు. సరిహద్దులు దాటి సేవ చేసిన మహనీయులను ఈ రోజు సత్కరించుకుంటున్నామని మైకులో ఎవరో చెబుతున్నారు. జిల్లా అధికారి భార్యకు శాలువా కప్పారు. ఆవిడ ఒకసారి దుప్పట్లు పంపించిందట. బువలై పందిరి పక్క నుంచి సందులోకి తిరిగింది.

పయోమ్ ఇంటి ముందు బల్ల మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఎదురుగా ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన కొత్త ఉద్యోగి, పాతికేళ్ళ వాడు, రిజిస్టరు పట్టుకుని మొహమాటంగా నిలబడ్డాడు.

"మీరు కోప్పడకండి పెద్దమ్మా. కంటిచూపు లేకపోతే బానలు ఎలా చూస్తారు? పేరు తీసేసి పలక తెమ్మన్నారు నన్ను."

బువలై కాళ్ళు ఆగిపోయాయి. నేస్తం కళ్ళు ఇటే ఉన్నాయి, కానీ వాటిలో పాలు కలిపినట్టు తెల్లటి పొర. పయోమ్ మెడ సాచి గాలి పీల్చింది.

"ఎవరో పాదేక్ తెచ్చారు. ఈ ఊరిది కాదు. ఇంత తక్కువ ఉప్పు వేసి చేపల్ని పాడుచేసేది లోకంలో ఒక్కతే ఉంది."

"నీకు నోరు మాత్రం పోలేదే," అంది బువలై. అని, వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది.

తర్వాత తల ఎత్తి అడిగింది. "ఎప్పటి నుంచే ఇలా?"

"పడవలు ఆగిన ఏడే మసక మొదలైంది. ఎర్ర చొక్కాల గోల నాటికే నది అవతల నాకంతా ఒకటే తెలుపు. మీ ఒడ్డంతా ఎరుపని ఊళ్ళో వాళ్ళు చెబితే తెలిసింది."

"మరి నా బాన చూశావుగా? అది చూసే కదా నువ్వూ పెట్టావు?"

"ఏ బాన?"

పయోమ్ ముఖం మెల్లగా మారింది.

"నువ్వూ పెట్టావా?"

"ప్రతి శుక్రవారం."

"నాకేం తెలుసే. శుక్రవారం కదా, ఊరికే కూర్చోలేక పెట్టాను. నువ్వు బతికుంటే చూస్తావు, చూస్తే తెలుసుకుంటావు అనుకున్నాను."

"అవతల ఏమన్నా కనిపిస్తోందా అని ఎవరినైనా అడగొచ్చు కదా?"

"అడిగితే? వారం తిరక్కుండా ఊరి బానలన్నీ ఇసుకలో ఉండేవి."

బువలై పెద్దగా నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఆవిడకు అర్థమైంది. ఇన్నాళ్ళూ తను మాట్లాడింది చూడలేని మనిషితో. జవాబు అనుకున్నది జవాబు కాదు. తడుముకుంటూ బానను దొర్లించుకొచ్చి, ఏ కబురూ అందకుండానే, వారం తప్పకుండా నది ముందు పెట్టిన ఒక గుడ్డి మనిషి నమ్మకం అది.

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మా, మరి పలక..."

"ఎందుకు నాయనా తీయడం? కళ్ళు కావాలన్నావు. పడవ దిగి వచ్చాయిగా."

"ఆవిడ మన దేశం మనిషి కాదు. రాయడానికి గడి లేదు."

"మైకులో ఏమంటున్నారు? సరిహద్దులు దాటిన సేవ అనేగా? నాకు కళ్ళే పోయాయి, చెవులు కాదు."

అతను రేవు వైపు చూశాడు, రిజిస్టరు వైపు చూశాడు. బువలై లేచింది. భుజం మీది సంచిలోంచి టార్చిలైటు తీసుకుని, సంచి ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసింది. స్తంభానికి పయోమ్ పలక. దాని పక్కన తుప్పు పట్టిన మేకు, అలాగే ఉంది. సంచిని దానికి తగిలించి బాన మూత తీసింది.

"ఉన్నాయా?" అంది పయోమ్.

"ఉన్నాయి."

"ఎన్ని?"

"నువ్వు సిగ్గుపడేటన్ని. ఆరోగ్య సేవకురాలి ఇల్లట."

"మాటలు ఆపి ఆ పక్క పట్టు."

ఇద్దరూ చెరో పక్కనా పట్టి బాన వంచారు. నీళ్ళు వాకిట్లో పారి కుర్రాడి బూట్ల దాకా వచ్చాయి. అతను రిజిస్టరును పైకెత్తి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

సాయంత్రం రేవు మెట్ల దాకా బువలై చెయ్యి పట్టుకుని పయోమ్ నడిచి వచ్చింది.

"వచ్చే శుక్రవారం వస్తావా?"

"పడవ నడిస్తే వస్తాను."

"నడవకపోతే?"

"బాన పెడతాను." ఆ మాట అన్నాక బువలై నాలుక కరుచుకుంది. "నీకు కనిపించదు కదూ."

"కనిపించకపోతేనేం," అంది పయోమ్. "పెట్టు."

పడవ నది మధ్యకు వచ్చాక పక్కనున్న ఆవిడ, నీ సంచి ఏదమ్మా, మరిచిపోయి వచ్చావా అని అడిగింది. లేదు, మేకుకు ఉంది అంది బువలై.